వంత పలికేవారితో మొదలుపెట్టండి: సరిహద్దు బడిలో పలు సంప్రదాయాల ఆటపాటలు నేర్పే పద్ధతి

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు వైపున్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల బడుల్లో పాఠం చెప్పేవారికి ఈ సంగతి కొత్త కాదు. ఒకే బల్ల మీద కూర్చున్న నలుగురు పిల్లల్లో ఒకరు ఇంట్లో తెలుగు, ఒకరు ఒడియా, ఒకరు సవర, ఒకరు కుయి మాట్లాడతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు పటం మీద గీత పడింది గాని, ఆంధ్ర వైపు పాతపట్నంలో మోగే తప్పెటగుళ్ళు ఇవతలివాళ్లకు పరాయివి కాలేదు, గంజాం ప్రహ్లాద నాటకం తెలుగు ఇళ్లవాళ్లకు తెలియకుండానూ పోలేదు. పలు సంస్కృతుల సంగీత, నాట్య, నాటకాలు పిల్లలకు నేర్పాలంటే పెద్ద నగరం, పెద్ద రంగస్థలం ఉండాలని చాలామంది అనుకుంటారు. నిజానికి మన తరగతి గదిలో సగం సామగ్రి ముందే ఉంది. మిగతా సగాన్ని ఎలా తెచ్చుకోవాలో, తెచ్చినదాన్ని పాడుచేయకుండా ఎలా నేర్పాలో నా అనుభవం మేరకు ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఏది చేయకూడదో చెప్పాలి. బడి వార్షికోత్సవం అనగానే రాష్ట్రానికొక పాట, దేశానికొక దుస్తు చొప్పున పట్టీ తయారవుతుంది. పిల్లలు మూడు నిమిషాలు గెంతి దిగిపోతారు. ఆ ఆట ఎవరిదో, ఎప్పుడు ఆడతారో, ఎందుకు ఆడతారో ఒక్కరికీ తెలియదు. ఈ తప్పు నేనూ చేశాను. ఒక ఏడాది గిరిజన నృత్యం అని పేరు పెట్టి, ఈకల కిరీటాలు, ఆకుల దండలు అద్దెకు తెచ్చి, సినిమా బాణీలో డప్పు పాట పెట్టి ఎనిమిది మందిని ఆడించాను. ఏడో తరగతిలో సవర పిల్ల ఒకతె ఉండేది. ఆమెను ముందు వరుసలో నిలబెడదామనుకున్నాను గాని ఆమె ఆ సాయంత్రం రానేలేదు. మర్నాడు అడిగితే నేల చూస్తూ, "మా ఊళ్లో ఇలా ఆడరు సార్" అని మాత్రం చెప్పింది. ఎలా ఆడతారని అంతకు ముందు ఆమెను నేను అడగలేదన్న సంగతి అప్పుడు తట్టింది. ఆ ఏడాది నుంచి పాఠం పెట్టే పద్ధతి మార్చుకున్నాను.

మార్పు ఇది. దేశానికొక అంశం తీసుకోవడం మానేసి, ఒక్క ప్రశ్న తీసుకుని, అదే ప్రశ్నకు వేర్వేరు చోట్ల కళాకారులు ఏ జవాబు కనిపెట్టారో పిల్లలచేత చూపించి, వినిపించి, చేయించడం. ఏడాదికి మూడు ప్రశ్నలు చాలు. నాలుగో ప్రశ్నకు సమయం ఉండదు, ఉన్నా పిల్లలకు ఓపిక ఉండదు.

నాటకానికి నేను ఎంచుకునే మొదటి ప్రశ్న: కథ చెప్పేవాడికి బదులు పలికేది ఎవరు? బుర్రకథ తీసుకోండి. నడుమ కథకుడు భుజాన తంబుర, చేతి వేళ్లకు అందెలతో కథ నడుపుతాడు. అటూ ఇటూ ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తూ తందాన పలుకుతారు. ఆ ఇద్దరిలో ఒకడు హాస్యం చెబితే మరొకడు లోకవ్యవహారం మాట్లాడతాడు. గంజాం జిల్లా దాసకాఠియాలో ఇద్దరే ఉంటారు: గాయకుడు, అతని పాళియా. ఇద్దరి చేతుల్లోనూ కొయ్య చిడతలుంటాయి, పాళియా మధ్యలో అడ్డు ప్రశ్నలు వేసి కథను సాగదీస్తాడు, నవ్విస్తాడు, ఒక్కోసారి తానే మరో పాత్ర అయిపోతాడు. ఇక పశ్చిమ ఆఫ్రికాలో, మాలి చుట్టుపక్కల మాండే జాతుల వారి వీరగాథలు పాడే గ్రియో పక్కన ఒక మనిషి ప్రత్యేకంగా కూర్చుని, పంక్తి పంక్తికీ "నామూ" అంటాడు. మన ఇళ్లలో తాతకు మనవడు ఊఁ కొట్టినట్టే; కాకపోతే అక్కడ ఊఁ కొట్టడమూ ఒక విద్యే, దానికి మనిషిని నియమిస్తారు.

దీన్ని తరగతిలో ఇలా నడపండి. పిల్లలను ముగ్గురు చొప్పున కూర్చోబెట్టి, నిన్న సంతలో జరిగిన చిన్న సంఘటన ఒకటి ఒకరిచేత చెప్పించండి. మొదటి విడత మిగతా ఇద్దరూ మౌనంగా వినాలి. రెండో విడత ఒకరు ప్రతి వాక్యానికీ నామూ అనాలి, అంతకు మించి ఒక్క మాటా అనకూడదు. మూడో విడత అతడే పాళియా అయి, "అప్పుడా కోడి ఏమైంది?" అని అడ్డు తగలాలి. నాలుగో విడత ఇద్దరూ వంతలై, వాక్యం చివరి మాటను పట్టుకుని రాగం తీయాలి. చెప్పిన కథ ఒక్కటే, మారింది బదులు పలికే తీరు మాత్రమే. కథకుడి స్వరం, వేగం, చివరికి కథ పొడవు కూడా మారిపోవడం పిల్లలకు తామే గమనించగా తెలుస్తుంది. ఉపాధ్యాయుడు వివరించవలసింది ఏమీ మిగలదు. నోరు విప్పని పిల్లలకు నామూ పలికే పని ఇవ్వండి, నెల తిరిగేలోపు వాళ్లే పాళియా కావాలని అడుగుతారు. భాష విషయంలో పట్టు పట్టవద్దు. కథ తెలుగులో, వంత ఒడియాలో, ఊఁ సవరలో సాగితే తాళం చెడదు, నవ్వు ఇంకాస్త ఎక్కువ వస్తుంది. ఈ అభ్యాసం అయిన తర్వాతే అసలు ప్రదర్శన చూపించాలి. ముందే చూపిస్తే పిల్లలు దానిని అనుకరిస్తారే గాని ఆలోచించరు.

రెండో ప్రశ్న సంగీతానిది: లెక్కను ఎన్ని ముక్కలుగా విరవవచ్చు? కర్ణాటక సంగీతంలో మిశ్రచాపు తాళం ఏడు మాత్రలది, అంటే ఏడు దెబ్బల లెక్కది. తకిట తకధిమి అని మూడు, నాలుగుగా విరుగుతుంది. ఒడిస్సీ సంగీతంలో త్రిపుట తాళమూ ఏడు మాత్రలదే, అయితే మూడు, రెండు, రెండుగా నడుస్తుంది. కర్ణాటక సంగీతంలోనూ త్రిపుట అన్న పేరు ఉంది, అందులో తిశ్ర జాతి అనే రకం కూడా ఇలాగే మూడు, రెండు, రెండుగా విరుగుతుంది. నల్లబల్ల మీద ఏడు సున్నాలు గీసి, ఒకసారి మూడో సున్నా తర్వాత, ఇంకోసారి మూడు, ఐదు సున్నాల తర్వాత గీతలు పెట్టి, రెండు జట్ల చేత ఒకేసారి చప్పట్లు కొట్టించండి. ప్రతి ముక్కలో మొదటి సున్నా మీద గట్టిగా, మిగతా చోట్ల వేళ్లతో మెల్లగా కొట్టాలి. నాలుగో ఆవర్తనం, అంటే ఏడు మాత్రల నాలుగో చుట్టు, వచ్చేసరికి పిల్లలు తప్పకుండా పరుగెత్తుతారు, అది వాళ్ల తప్పు కాదు, వయసు. ఒక పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టి స్టీలు పళ్లెం మీద పెన్సిలుతో ఒకే వేగంలో తట్టించండి. అప్పటికీ పరుగు ఆగకపోతే అందరినీ లేపి నడిపించండి. కాళ్లకు అందిన లయ చేతులకు తొందరగా వస్తుంది.

ఏడు కుదిరాక పన్నెండుకు వెళ్లండి. స్పెయిన్ దేశపు అండలూసియా ప్రాంతంలో పుట్టిన ఆటపాటల సంప్రదాయం ఫ్లమెంకోలో సొలెయా, బులెరియా వంటి రకాలు పన్నెండు మాత్రల ఆవర్తనంలో నడుస్తాయి. వాళ్లు లెక్క పన్నెండు నుంచే మొదలుపెట్టి, పన్నెండు, మూడు, ఆరు, ఎనిమిది, పది సంఖ్యల మీద ఊనిక ఇస్తారు. పుస్తకంలో ఇలా రాసి ఉంటే పిల్లలకు తల తిరుగుతుంది. తాళాన్ని నోటితో పలికే మన జతులలో చెబితే అది తకిట తకిట తక తక తక, అంతే. మూడు, మూడు, రెండు, రెండు, రెండు. ఈ ఒక్క వరుస పలకగలిగిన పిల్లవాడికి ఫ్లమెంకో ధ్వనిముద్రణ వినిపిస్తే, ఇంతకు ముందు గోలగా వినబడినది ఇప్పుడు లెక్కగా వినబడుతుంది, ముఖం వెలుగుతుంది. ఫ్లమెంకోను యునెస్కో 2010లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. అదే ఏడాది తూర్పు భారతపు ఛౌ నృత్యం కూడా ఆ జాబితాలోకి వెళ్లింది. ఛౌలో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా, జార్ఖండ్‌లోని సరాయికేలా పద్ధతులవారు ముఖానికి మాస్కు ధరిస్తారు, మన ఒడిశాలోని మయూర్‌భంజ్ వారు ధరించరు. ముఖం కనబడినప్పుడూ కనబడనప్పుడూ ఒంటి పని ఎలా మారుతుందో చూపించడానికి ఈ రెండింటికి మించిన పాఠం నాకు దొరకలేదు.

ఇక్కడ తప్పెటగుళ్ళను విడిచిపెట్టకండి. గుండెల మీద రేకు కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో, అరిచేతులతో మోగిస్తూ గుండ్రంగా తిరిగే ఆ ఆటను నేర్పడానికి శ్రీకాకుళం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పిల్లలు రేకుల కోసం ఎగబడితే ఆయన అడ్డుకుని, "రేకు ఇప్పుడే ఇవ్వకండి బాబూ. ఉత్త గుండె మీద కొట్టుకోమనండి, మోగే చోటు దొరికాక ఇద్దురు గాని" అన్నారు. మూడు రోజులు పిల్లలు చొక్కాల మీదే కొట్టుకున్నారు. నాలుగో రోజు రేకు కట్టగానే ఆట నిలబడింది. నేనైతే మొదటి రోజే రేకులు పంచేసేవాణ్ణి.

నాట్యానికి ప్రశ్న: పాత్ర ఎలా లోపలికి వస్తుంది? దీని మీద నాకు పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను, ఎందుకంటే పిల్లలు ఎక్కువగా నేర్చుకునేది ఇక్కడే. కూచిపూడి భామాకలాపంలో ఇద్దరు తెర పట్టుకుంటారు, సత్యభామ తన జడను ఆ తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. ముఖం కనబడకముందే ఆమె గర్వం సభకు తెలిసిపోతుంది. కేరళ కథకళిలో కూడా ఇద్దరు తెర పట్టుకుంటారు గాని, అక్కడ దుష్ట పాత్ర తెర అంచు పట్టుకుని మెల్లగా కిందికి దించుతూ, తన ముఖాన్ని కొద్దికొద్దిగా చూపిస్తుంది. దానిని తిరనోట్టం అంటారు. జపాన్‌లో 'నో' అనే సంప్రదాయ నాటకంలో తెర వేదిక ముందు ఉండదు, దూరంగా ఒక పొడవైన వంతెన చివర ఉంటుంది. అది లేవగానే నటుడు వంతెన మీద అడుగులో అడుగు వేసుకుంటూ వస్తాడు, వంతెన పక్కన మూడు చిన్న పైన్ చెట్లు ఉంటాయి, వేదికకు దూరమయ్యే కొద్దీ చెట్టు పొట్టిదవుతుంది. వచ్చే మనిషి ఎంత దూరం నుంచి వస్తున్నాడో కంటికి చెప్పే ఏర్పాటు అది. మన గంజాం ప్రహ్లాద నాటకంలో తెరకు బదులు మెట్లు ఉంటాయి. జలంతర సంస్థానపు రాజు రామకృష్ణ ఛోటరాయ పేరిట ప్రచారంలో ఉన్న ఆ నాటకంలో మెట్ల వేదిక మీద హిరణ్యకశిపుడు ఎక్కుతూ దిగుతూ విజృంభిస్తుంటే, గాహకుడు కింద నిలబడి పాటతో కథ నడుపుతాడు.

తరగతికి ఒక పాత దుప్పటి, నాలుగు బల్లలు, వరండా చాలు. దుప్పటి తెర, వరండా వంతెన, బల్లలు మెట్లు అవుతాయి. ఒకే పాత్రను, ఉదాహరణకు కోపంగా ఉన్న రాజును, నాలుగు విధాలుగా ప్రవేశపెట్టమనండి. జడ బదులు తువ్వాలు వేయవచ్చు. ప్రతి ప్రవేశం తర్వాత చూసినవారు రెండు మాటలే రాయాలి: ముఖం కనబడకముందు నాకు ఏమి తెలిసింది, కనబడిన తర్వాత ఏమి మారింది. దీని వల్ల చూడడం అలవాటవుతుంది. మన పిల్లలకు ఆడడం కంటే చూడడం నేర్పడమే కష్టం. పులివేషాన్ని కూడా ఇదే వరుసలో చేర్చవచ్చు. రెండేళ్లకొకసారి జరిగే బరంపురం ఠాకురాణి యాత్రలో పులివేషం చూసిన పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు, వాళ్లే గురువులు.

కూచిపూడి, ఒడిస్సీలను పక్కపక్కన పెట్టడానికి జయదేవుని గీతగోవిందం మంచి వారధి. పన్నెండు సర్గలు, ఇరవై నాలుగు అష్టపదులున్న ఆ కావ్యంలోని పాటలు రెండు సంప్రదాయాల్లోనూ ఆడతారు. ఒకే అష్టపదిని రెండు నాట్యాల్లో, శబ్దం పూర్తిగా తీసేసి చూపించి, ఆ నర్తకి ఇప్పుడు ఎవరితో మాట్లాడుతోంది, అలిగిందా, వేడుకుంటోందా అని అడగండి. ఒడిస్సీ చౌక, త్రిభంగి భంగిమలను, కూచిపూడి అరమండిని ఒంటితో పట్టి చూడమనండి, కానీ సిమెంటు నేల మీద పాదం గట్టిగా కొట్టించవద్దు. మోకాళ్లు పాడవుతాయి, ఆవరణలో మట్టి నేల ఉంటే అక్కడికి తీసుకెళ్లండి. మగపిల్లవాడు ఆడ పాత్ర వేస్తానన్నప్పుడు తరగతి నవ్వితే, సత్యభామగా పేరుపొందిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారిని, స్థానం నరసింహారావు గారిని, చిన్నప్పుడు ఆడవేషంలో బాలురు ఆడే గోటిపువా ఆడి తర్వాత ఒడిస్సీ గురువైన కేలుచరణ్ మహాపాత్ర గారిని, జపాన్ కబుకి నాటకంలో ఆడ పాత్రలు వేసే మగ నటులైన ఒన్నగాతలను పరిచయం చేయండి. నవ్వు ఒక్క గంటలో ఆగిపోదు గాని, రెండో వారానికి పలచబడుతుంది.

తోలుబొమ్మల గురించి క్లుప్తంగా చెబుతాను. మన తోలుబొమ్మలు పెద్దవి, రంగులవి, కీళ్లు కదిలేవి. అంగుల్ జిల్లా ఒడాశ గ్రామపు రావణ ఛాయలో బొమ్మలు చిన్నవి, రంగు లేనివి, కీళ్లు లేనివి. పాత శుభలేఖల అట్టలతో రెండు రకాలూ చేయించి, ఒక బల్బు, ఒక పంచెతో ఆడించండి. కదలని చేతులతో కోపం ఎలా చూపాలన్న చిక్కు వచ్చినప్పుడు పిల్లలు తమంతట తామే బొమ్మను దీపానికి దగ్గరగా జరిపి నీడను పెంచడం కనిపెడతారు.

ఇప్పుడు జాగ్రత్తగా ఉండవలసిన విషయం. ప్రతి ఆటా ప్రదర్శన కాదు. ప్రహ్లాద నాటకంలో నరసింహుని మాస్కును పూజలో పెట్టుకుంటారు. దానిని ధరించినవాడికి ఆవేశం వస్తుందని, పట్టుకోవడానికి మనుషులను సిద్ధంగా ఉంచుతారు. ఆ మాస్కు నమూనాను అట్టతో చేయించి తరగతిలో పెట్టడం తగదు. చైత్రంలో సాగే దండ నాటంలో పగటి పూట వ్రతం, కఠిన నియమాలు, మట్టి మీద దొర్లే దండాలు ఉంటాయి. రాత్రి పూట వేటగాడు, వేటగత్తె వంటి వేషాలు, హాస్యం ఉంటాయి. రాత్రి వేషాలను పాఠంగా తీసుకోండి, పగటి వ్రతాన్ని గౌరవంగా వివరించి వదిలేయండి. సవర ఇళ్లలో గోడ మీద వేసే ఇడితాల్ చిత్రాలకూ, వారి పూజారి కుడాన్ చేసే ఆరాధనకూ ఇదే వర్తిస్తుంది. సవర ఆట నేర్పాలనుకుంటే ఆ ఊరి పెద్దలను పిలిచి, ఏది బడిలో ఆడవచ్చో వాళ్లనే అడగాలి. ఒకసారి అడిగితే తెలుస్తుంది, వాళ్లే ఒక ఆట చెబుతారు, డోళ్లూ వాళ్లే తెస్తారు. ఈ అడగడం మన దగ్గర మాత్రమే కొత్త. న్యూజిలాండ్ 2014లో చట్టమే చేసింది: అక్కడి మూలవాసులైన మావోరీలు గుంపుగా పలుకుతూ ఆడే కామాటే హాకాను వాణిజ్యపరంగా ప్రచురించేవారు దానిని కూర్చిన తె రౌపరాహా పేరునూ, ఆయన తెగ పేరునూ చెప్పాలి. మీ వేదిక మీద కూడా ప్రతి అంశానికి ముందు ఒక విద్యార్థి నిలబడి, ఇది ఎవరి ఆట, ఎవరు నేర్పారు, అసలు ఎప్పుడు ఆడతారు అన్న మూడు వాక్యాలు చెప్పాలని నియమం పెట్టండి.

కళాకారులను పిలిచేటప్పుడు డబ్బు సంగతి ముందే తేల్చుకోవాలి. దారి ఖర్చు, భోజనం, రోజు కూలి పోయినందుకు తగిన సొమ్ము కవరులో పెట్టి, వచ్చిన రోజే ఇవ్వాలి. శాలువా కప్పి, ఫోటో తీసి, బిల్లు పాసయ్యాక పంపుతామనడం అవమానం. వారు నేర్పుతున్నప్పుడు తరగతి ఉపాధ్యాయుడు కూడా పిల్లలతో పాటు కింద కూర్చుని నేర్చుకోవాలి. కుర్చీ వేసుకుని పక్కన ఫోను చూస్తే పిల్లలు ఆ పెద్దమనిషికి ఇచ్చే విలువ ఎంతో మీరే నిర్ణయించినట్టవుతుంది.

మూడు ప్రశ్నలూ అయ్యాక ఏదో ఒకటి అందరూ కలిసి చేయాలి. నేను బాలి ద్వీపపు కెచక్‌ను ఎంచుకుంటాను. వాద్యాలు అక్కరలేదు, దుస్తులు అక్కరలేదు, వంద మందైనా పాల్గొనవచ్చు. పురుషులు వలయాలుగా కూర్చుని చక్ చక్ అంటూ పలుకుతుంటే మధ్యలో రామాయణ కథ నడుస్తుంది. ఆవేశపు పూజల గుంపుపాట నుంచి దానిని 1930లలో ప్రదర్శనగా మలచడంలో బాలి నర్తకుడు వాయన్ లింబక్, జర్మన్ చిత్రకారుడు వాల్టర్ స్పీస్ పాలుపంచుకున్నారు. పూజ నుంచి ప్రదర్శన ఎలా విడివడుతుందో చెప్పడానికి కూడా ఇదే ఉదాహరణ. మన వైపు పిల్లలకు బాలి దూరం కాదు. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున అరటి దొప్పల పడవలు చెరువులో వదిలే బొయిత బందాణ ఒకప్పుడు కళింగ నావికులు ఆ దీవులకు వెళ్లిన జ్ఞాపకమేనని ఇంట్లో విన్నవారే.

నేర్పే తీరు సులువు. ఎనిమిది మాత్రలు తీసుకోండి. మొదటి జట్టు ఒకటి, నాలుగు, ఏడు మీద చక్ అనాలి. రెండో జట్టు రెండు, ఐదు, ఎనిమిది మీద. మూడో జట్టు మూడు, ఆరు, మళ్లీ వచ్చే ఒకటి మీద. మూడూ కలిస్తే ఎక్కడా ఖాళీ ఉండదు, ఎవరు ఎప్పుడు పలికారో బయటివారికి తెలియదు. తాళం చెడకుండా ఒకరు నిలకడగా మాత్రలు పలుకుతూ ఉండాలి. ఆ పని గట్టి గొంతు ఉన్నవారికి గాక, నెమ్మది ఉన్నవారికి ఇవ్వండి. పక్క జట్టు పలుకు మీదికి మనసు పోగానే మన పలుకు తప్పుతుంది, కాబట్టి మొదటి వారం జట్లను వేర్వేరు మూలల్లో, రెండో వారం వీపులు ఆనించి, మూడో వారం ఒకే వలయంలో కూర్చోబెట్టండి. రామాయణ కథను వంతలతో చెప్పిస్తే మొదటి పాఠం ఇక్కడ పనికొస్తుంది.

కాలక్రమం కూడా చూసుకోవాలి. వానల రోజుల్లో గది దాటనక్కరలేని వంత పాఠం, తాళాల పాఠం పెట్టుకోండి. దసరా ముందు ప్రవేశాలూ పులివేషమూ చేయించండి. కెచక్ ప్రదర్శనను కార్తీక పౌర్ణమి వారంలోనే పెట్టండి, డిసెంబరు వార్షికోత్సవానికి వాయిదా వేయకండి. చైత్రంలో కళాకారులు ఎవరి ఊళ్లలో వాళ్లు తీరిక లేకుండా ఉంటారు. ఆ నెలలో వాళ్లను బడికి పిలవకండి, పిల్లలనే సాయంత్రం పూట పెద్దల అనుమతితో వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి, వెళ్లేముందు చెప్పులు ఎక్కడ విడవాలో, ఫోను ఎప్పుడు లోపల పెట్టాలో అక్కడి వారినే అడిగి తెలుసుకోండి.